రెండు గంటల ఇరవై నిమిషాలు

మా అన్న ఫెహిమ్ పోయాడని బుధవారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది ఆయన కూతురు మిర్జెతా. అది ఏడవడం లేదు. ఏడవాల్సిందంతా అప్పటికే ఏడ్చేసినట్టుంది.

"జనాజా రేపు, ఇకిందియా అయ్యాక. అందుకుంటావా బాబాయ్? లేకపోతే శుక్రవారానికి మార్చమని హోజాని అడగనా?"

జనాజా అంటే మా అంత్యక్రియలు, హోజా అంటే మసీదులో నమాజు చేయించేవాడు, ఇకిందియా అంటే మేము సాయంత్రంలోపు చేసే నమాజు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వంటింటి గోడ వైపు చూశాను. మా గోథెన్‌బర్గ్ బోస్నియావాళ్ళ మసీదు ఏటేటా అచ్చువేసి ఇచ్చే తక్విమ్ అక్కడ వేలాడుతూ ఉంటుంది. రోజూ ఐదు నమాజుల వేళలూ అందులో ఉంటాయి. పదకొండో తేదీ, గురువారం. ఇకిందియా ఐదూ ఇరవై ఆరు.

బోస్నియాలో తూజ్లాకి నేరుగా వెళ్ళే విమానం గురువారం ఉంది. పన్నెండూ ముప్పై ఐదుకి లేచి రెండూ యాభై ఐదుకి దిగుతుంది. అక్కణ్ణుంచి మా యావోరిక్ గంటంబావు కారు ప్రయాణం. నాలుగున్నరకల్లా ఊళ్ళో ఉంటాను.

"మార్చొద్దమ్మా," అన్నాను. "గంట ముందే ఉంటాను."

"సరిగ్గా చూసుకున్నావా?"

"తక్విమ్ చూసే చెప్తున్నా. స్వీడన్ నుంచి వచ్చే తమ్ముడి కోసం శవాన్ని ఆపారన్న మాట నాకొద్దు."

"సరే బాబాయ్. సుల్యోని ఎయిర్‌పోర్టుకి పంపిస్తా," అని పెట్టేసింది.

నా భార్య షెవాలా బట్టలు సర్దుతూ, "నువ్వు వెళ్ళేది జనాజాకా, పోట్లాటకా? గొంతు ఎందుకంత గట్టిగా?" అంది.

పోట్లాట తొమ్మిదేళ్ళ కిందటిది. మా వదిన జుమ్రా పోయినప్పుడు నేను వెళ్ళలేదు. ఆ చేతి రొట్టె తిని పెరిగినవాణ్ణి, వెళ్ళలేదు. షిఫ్టు ఉందన్నాను, టికెట్టు దొరకదన్నాను, దూరమన్నాను. వారం పోయాక అన్న ఫోన్ చేశాడు. జన్మలో విమానం ఎక్కనివాడు. "నేను ఎయిర్‌పోర్టుకి ఫోన్ చేసి కనుక్కున్నాన్రా. పదిహేను వందల నలభై కిలోమీటర్లట. రెండు గంటల ఇరవై నిమిషాలట. మా ఊరి బస్సు తూజ్లా ఆసుపత్రికి పోవడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. నువ్వు దూరంలో లేవు నెసిబ్, దూరం పెట్టావు," అన్నాడు. ఆ మాట నాకు కత్తిలా దిగింది. ఇంకెప్పుడూ ఫోన్ చేయొద్దన్నాను. ఆయన చేయలేదు. నేనూ చేయలేదు. పండగలకి షెవాలా మిర్జెతాతో మాట్లాడేది. నేను పక్క గదిలో కూర్చుని వినేవాణ్ణి.

మా దగ్గర జనాజా నమాజు కాగానే, మట్టి వేయకముందు, హోజా జనం వైపు తిరిగి అడుగుతాడు. "ఇతను మీలో ఎవరినైనా నొప్పించి ఉంటే హలాల్ చేస్తారా?" అని. మనసారా క్షమించి వదిలేయడమే హలాల్ చేయడం. జనమంతా "చేస్తాం" అంటారు. మూడుసార్లు అడుగుతాడు, మూడుసార్లు అంటారు. దాంతో పోయినవాడి మెడ మీది బరువు దిగుతుందని చిన్నప్పటినుంచీ విన్నాను. ఆ మూడుసార్లలో నా గొంతు ఉండాలి. తొమ్మిదేళ్ళుగా ఆ మాట పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఊరంతా హలాల్ చేసి నేను చేయకపోతే ఆ బరువు దిగినట్టా, దిగనట్టా? దేవుడికి తెలుసు. నాకు తెలియదు. తెలియదు గనకే రాత్రంతా నిద్ర పట్టలేదు.

గురువారం పదిన్నరకే విమానాశ్రయంలో ఉన్నాను. పన్నెండుకి బోర్డు మీద ముప్పై ఐదు నిమిషాలు ఆలస్యం అని పడింది. లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. వేళ్ళ మీద లెక్క వేశాను. మూడున్నరకి దిగినా ఐదుకల్లా ఊళ్ళో ఉంటాను. ఇకిందియా ఐదూ ఇరవై ఆరు. ఫర్వాలేదు. మిర్జెతాకి చెబుదామా అనుకుని ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. "చూశావా, మార్చమంటే వద్దన్నావు," అంటుందేమోనని జేబులో పెట్టేశాను. ఆ ముప్పై ఐదు నిమిషాలూ ఫోను నా జేబులోనే ఉంది. నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను.

విమానంలో నా పక్క సీటు ఒక ముసలమ్మది. పేరు హాత్కా అని తనే చెప్పింది. కూతురి దగ్గర మూడు నెలలు ఉండి తిరిగి వెళుతోంది. విమానం పైకి లేవగానే ఆమె సంచిలోంచి జపమాల తీసింది. నేను వాచీ చూశాను. అయిదు నిమిషాలకి మళ్ళీ చూశాను.

"ఆ వాచీని కాసేపు వదిలెయ్ నాయనా, దానికీ ఊపిరి ఆడాలి," అంది. "ఎక్కడికంత తొందర?"

"అన్న జనాజా."

"అల్లా రహ్మత్," అని చేతులు మొహానికి రాసుకుంది.

నేను మనసులో భాగహారం చేస్తున్నాను. పదిహేను వందల నలభై కిలోమీటర్లు, నూట నలభై నిమిషాలు. నిమిషానికి పదకొండు కిలోమీటర్లు. యావోరిక్ నుంచి మా స్కూలు పదకొండు కిలోమీటర్లు. మంచులో నన్ను భుజాన వేసుకుని అన్న మూడు గంటలు నడిచిన దారి. ఇక్కడ వాచీలో ముల్లు ఒక్క గీత కదిలితే అయిపోతోంది. అయినా నాకు విమానం కదులుతున్నట్టే లేదు. కిటికీలోంచి చూస్తే తెల్లటి మబ్బు, అదే మబ్బు.

అమ్మాయి కాఫీల బండి తెచ్చింది. హాత్కా వద్దని చెయ్యి ఊపింది.

"ఉపవాసం," అంది నాతో. "గురువారాలు ఉంటాను. ఒక సందేహం నాయనా, చదువుకున్నవాడిలా ఉన్నావు. పొద్దున బోరోస్‌లో మొదలుపెట్టాను. సాయంత్రం తూజ్లాలో విడుస్తాను. నా కూతురు ఊళ్ళో కంటే మా ఊళ్ళో పొద్దు ముందే గుంకుతుంది. ఆ మిగిలిన ఉపవాసం నా ఖాతాలో బాకీనా?"

"ఎక్కడుంటే అక్కడి పొద్దేనమ్మా," అన్నాను. "అయినా రెండు చోట్లా గడియారం ఒకటే కదా. నేను వాచీ తిప్పను కూడా తిప్పను."

ఆమె నా వైపు జాలిగా చూసింది.

"గడియారం ఒకటేలే. సూర్యుడు గడియారం పెట్టుకుంటాడా? తూర్పువాళ్ళకి ముందు, పడమటివాళ్ళకి వెనక. చిన్న పిల్లకైనా తెలుసు." సంచిలోంచి మడతలు పడ్డ కాగితం తీసింది. తూజ్లా తక్విమ్‌లోంచి చింపిన మే నెల. "ఇదిగో, నేనెప్పుడూ మా ఊరిది కూడా దగ్గరుంచుకుంటాను. చూడు, ఈ రోజు ఉపవాసం విడిచే అక్షామ్, ఇకిందియా..."

ఆమె వేలు పక్కన చూశాను. పదకొండు, గురువారం. ఇకిందియా నాలుగూ నలభై రెండు.

"ఇది అచ్చుతప్పు," అన్నాను.

"ఏది?"

"ఐదూ ఇరవై ఆరు ఉండాలి."

"అది మీ ఊళ్ళో నాయనా," అంది మెల్లిగా. అంతలో ఆమెకే అర్థమైంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "జనాజా ఇకిందియాకా?"

ముప్పై ఏళ్ళుగా ఆ గోడ వైపే చూస్తూ నమాజు చేసుకుంటున్నాను. సెలవులకి ఊరు వెళితే మసీదు మీంచి నమాజుకి పిలిచే బాంగు వినిపించేది, లేచి వెళ్ళేవాణ్ణి. అక్కడి కాగితం చూడాల్సిన పని ఒక్కనాడూ పడలేదు. రోజుకి ఐదుసార్లు సూర్యుణ్ణి చూసి బతికేవాణ్ణి, ఆ సూర్యుడు మా అన్న ఇంటి మీద నలభై నాలుగు నిమిషాలు ముందుంటాడని తెలియలేదు నాకు.

ఫోను తీశాను. సిగ్నల్ గీతలు లేవు. ఎందుకుంటాయి. విమానం అమ్మాయిని పిలిచి ఇంకా ఎంతసేపని అడిగాను. గంటా పది నిమిషాలంది. పైలెట్‌తో కింద ఊళ్ళోవాళ్ళకి ఒక మాట చెప్పించగలరా అని అడిగాను. ఆ అమ్మాయి మర్యాదగా నవ్వి, నీళ్ళు తెచ్చిచ్చింది.

"కూర్చో నాయనా," అంది హాత్కా.

"కూర్చునే ఉన్నానమ్మా."

"కాదు. కాళ్ళు చూడు."

నిజమే. నా కాళ్ళు ముందు సీటుని తన్నుతూనే ఉన్నాయి. ముందున్నాయన రెండుసార్లు వెనక్కి చూశాడట. ఆమె తన జపమాల నా చేతిలో పెట్టింది. తిప్పడం మొదలుపెట్టాను. ఒక పూస, పదకొండు కిలోమీటర్లు. దేవుడి పేరు చెప్పాల్సిన చోట నాకు అంకెలే వచ్చాయి. అది తప్పని తెలుసు. ఆపలేకపోయాను.

మూడూ ముప్పై ఐదుకి చక్రాలు నేల తాకాయి. తాకగానే మిర్జెతాకి ఫోన్ చేశాను.

"ఆపమని చెప్పమ్మా. కొంచెంసేపు ఆపమను."

"ఏంటి బాబాయ్? దిగావా? గంట ముందే ఉంటానన్నావుగా."

"నేను మా ఊరి తక్విమ్ చూశాను."

అవతల ఆడవాళ్ళ ఖురాన్ చదువు వినిపిస్తోంది. మా వైపు ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. ఇంట్లోనే ఉంటారు.

"హోజాకి ఫోన్ చేస్తా. పక్క ఊళ్ళో ఆరింటికి ఆయనకి ఇంకో జనాజా ఉంది. జనం పన్లు మానుకుని వచ్చేశారు. నాన్నని ఎంతసేపని అలా... సరే, చూస్తా."

నాకు పెట్టెలేమీ లేవు. అయినా పాస్‌పోర్టు వరస నత్తలా సాగింది. బయటికొచ్చేసరికి నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ. అన్న పక్కింటివాడు సుల్యో పాత కారు పక్కన నిలబడి సిగరెట్టు తాగుతున్నాడు. యాభై దాటిన మనిషి, అన్నకి నీడలా తిరిగినవాడు.

"ఎక్కు దొరా, ఎక్కు," అన్నాడు. "గడియారాలు చేసేది స్వీడనా, స్విట్జర్లాండా?"

"స్విట్జర్లాండు."

"అదే అనుకున్నా."

దారిలో మిర్జెతా నుంచి ఫోన్ వచ్చింది. హోజా నమాజు వేళ మార్చలేనన్నాడట. ఆ తరువాతి పనులు కుదిరినంత నెమ్మదిగా కానిస్తానన్నాడట. "పది నిమిషాలు, మహా అయితే పదిహేను," అంది.

తూజ్లా దాటేదాకా ఎర్ర దీపాలు. దాటాక కొండదారి, ఒక ట్రాక్టరు, దాని వెనక ఎండుగడ్డి బండి. సుల్యో హారన్ కొట్టాడు. ట్రాక్టరు ముసలాయన చెయ్యెత్తి సలాం చెప్పి తన దారిన తను పోతున్నాడు. ఆకాశంలో నిమిషానికి పదకొండు కిలోమీటర్లు వచ్చినవాణ్ణి. ఇక్కడ నిమిషానికి అర కిలోమీటరు కూడా లేదు.

"పక్కనుంచి పోనీయ్ సుల్యో."

"పక్కన లోయ ఉంది. నువ్వు కూడా పోతే ఇంకో జనాజా అవుతుంది. దానికీ ఆలస్యంగానే వస్తావు."

నవ్వబోయాను. రాలేదు. నాలుగూ నలభై రెండుకి ఏదో పల్లె మసీదు నుంచి బాంగు మొదలైంది. సుల్యో రేడియో ఆపేశాడు. ఆ కొండ మలుపుల్లో ఒక ఊరి బాంగు తగ్గుతుంటే ఇంకో ఊరిది అందుకుంటోంది. నేను చొక్కా కాలరు పట్టుకుని వింటూ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఏ బాంగూ నన్నంత భయపెట్టలేదు.

"నీకోసం వచ్చి నాకూ జనాజా పోయింది," అన్నాడు సుల్యో, చాలాసేపటి తరువాత. కోపంగా అనలేదు. "నలభై ఏళ్ళు పక్కపక్క ఇళ్ళు మావి. మిర్జెతా అడిగితే కాదనలేకపోయాను. ఫెహిమ్ కూడా అదే చెప్పేవాడు, వాడొస్తే నువ్వే వెళ్ళి తీసుకురా, వాడికి దారి గుర్తుండదు అని."

"ఎప్పుడన్నాడు?"

"ఎప్పుడూ అనేవాడు. ఏడాదికోసారి. నువ్వు వచ్చేవాడివి కాదు, నేను కారు తీసేవాణ్ణి కాదు."

నేను కిటికీ అద్దం దించాను, ఎక్కించాను, మళ్ళీ దించాను.

యావోరిక్ శ్మశానం గుట్ట మీద ఉంది. కింద కారు ఆగేసరికి ఐదూ ఇరవై ఎనిమిది. గోథెన్‌బర్గ్‌లో ఇకిందియా అయి రెండు నిమిషాలు. నా లెక్క ప్రకారం వేళకే వచ్చాను.

గుట్ట మీంచి మగవాళ్ళు దిగి వస్తున్నారు. చేతులకి మట్టి, చెప్పులకి మట్టి. ఒక్కొక్కడూ ఆగి నా చెయ్యి పట్టుకుని "అల్లా రహ్మత్" అని వెళుతున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నేను ఆ చేతులు విడిపించుకుంటూ ఎదురెక్కాను.

పూడ్చడం అయ్యాక జనమంతా వెళ్ళిపోవాలి. హోజా ఒక్కడే తల వైపు కూర్చుని, పోయినవాడికి చెప్పాల్సిన నాలుగు మాటలు చెబుతాడు. సబిత్ హోజా అలా గొంతుక్కూర్చుని ఉన్నాడు. మిర్జెతా ఈడువాడు. నేను దూరంగా నిలబడ్డాను. కొత్త మట్టి ఇంకా తడిగా ఉంది. ఆయన ముగించి, మోకాళ్ళు పట్టుకుని లేచి, నన్ను చూశాడు.

"నెసిబ్ గారా? పదిహేను నిమిషాలు లాగానండీ. అంతకన్నా కుదరలేదు."

"నన్ను అడగండి హోజా."

"ఏమని?"

"హలాల్ చేస్తావా అని."

"అడిగానండీ. అందరూ చేశారు."

"ఆ అందరిలో నేను లేను."

ఆయన టోపీ సర్దుకున్నాడు. ఇబ్బంది పడుతున్నాడని తెలుస్తోంది. "అది జమాత్‌ని అంటే కూడి వచ్చిన జనాన్ని, అడిగే ప్రశ్న. ఒక్క మనిషిని అడిగేది కాదు. మీ మనసులో చేసేయండి, దేవుడు వింటాడు."

"వింటాడు. నేను వినాలి కదా."

వెనక నుంచి సుల్యో రొప్పుకుంటూ వచ్చాడు. "ఇద్దరుంటే జమాత్ కాదా హోజా?" అన్నాడు. "చలికాలంలో మంచు పడి ఎవరూ రానప్పుడు మనిద్దరమే మసీదులో నిలబడితే అదే జమాత్ అన్నావుగా. ఇప్పుడూ ఇద్దరమే. నేనూ అందుకోలేదు."

హోజా వాచీ చూసుకున్నాడు, కింద రోడ్డు వైపు చూశాడు. తరువాత చేతులు కట్టుకుని, ఎదురుగా వందమంది ఉన్నట్టే గొంతు సవరించుకున్నాడు.

"ఫెహిమ్ మిమ్మల్ని నొప్పించి ఉంటే హలాల్ చేస్తారా?"

"చేస్తాం," అన్నాం ఇద్దరం.

"హలాల్ చేస్తారా?"

"చేస్తాం."

"హలాల్ చేస్తారా?"

సుల్యో "చేస్తాం" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. దూరం పెట్టావు అన్నాడు ఆయన. పెట్టాను. ఉన్నమాట అన్నవాణ్ణి నేను క్షమించడమేమిటి? సుల్యో మోచేత్తో పొడిచాడు.

"చేశాను," అన్నాను. తరువాత, "మరి ఆయన్ని ఎవరు అడుగుతారు హోజా? నొప్పించింది నేను," అన్నాను.

సబిత్ హోజా మోకాళ్ళ మట్టి దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు.

"ఆ ప్రశ్న కితాబుల్లో నాకెక్కడా కనపడలేదండీ," అన్నాడు. "ఉంటే బాగుండుననిపిస్తుంది." నా భుజం తట్టి, పక్క ఊరి జనాజాకి గబగబా దిగి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళేసరికి ఆడవాళ్ళు ఒక్కొక్కరే సెలవు తీసుకుంటున్నారు. మిర్జెతా వాకిట్లోనే నన్ను కావలించుకుంది. "అందుకున్నావా?" అంది. "సగం," అన్నాను. వంటింట్లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. కూర్చోలేకపోయాను. లేచి అటూ ఇటూ తిరుగుతుంటే గోడ మీద తూజ్లా తక్విమ్ కనిపించింది. ఆ రోజు చూడాల్సిన కాగితం. కోపమొచ్చి పేజీలు వెనక్కి తిప్పాను. ఏప్రిల్ నెల, రంజాన్ రోజులు. అక్షామ్ అంకెల పక్కన పెన్సిలుతో ఇంకో అంకెల వరస ఉంది. ఇరవయ్యో తేదీ అచ్చులో ఏడూ ముప్పై ఐదు. పెన్సిలుతో ఎనిమిదీ ముప్పై మూడు.

"ఇదేంటమ్మా?"

"అదా? మీ ఊరి వేళలు," అంది, పళ్ళెంలో పక్కింటివాళ్ళు తెచ్చిన పిటా రొట్టె పెడుతూ. "నన్ను ఫోనులో చూసి చెప్పమనేవాడు. తనే రాసుకునేవాడు. ఏటా."

"ఎందుకు?"

"మేమంతా ఇఫ్తార్ చేసి, కాఫీలు తాగి, గిన్నెలు కడిగేసినా నాన్న బల్ల దగ్గర్నుంచి లేచేవాడు కాదు. గడియారం చూస్తూ కూర్చునేవాడు. 'ఆ గాడిద ఇంకా మాడుతోంది. ఇంకో పన్నెండు నిమిషాలు మాడాలి. మాడనీ,' అనేవాడు. నీ వేళ కాగానే, 'ఆఁ, తిన్నాడు,' అని లేచి వెళ్ళేవాడు."

"తొమ్మిదేళ్ళూ?"

"ఒక్క రోజు తప్పలేదు. కూర్చో బాబాయ్. పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?"

లేదన్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ కుర్చీ ఎదురుగానే తక్విమ్, దాని పైన గడియారం. పిటా చల్లారిపోయి ఉంది. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. మిర్జెతా తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గడియారం వైపు చూసింది.

"ఆఁ," అంది, వాళ్ళ నాన్న గొంతుతో. "తిన్నాడు."